ముందు మా ఇంటోళ్లు ఎక్కాలె

టీవీలో కార్లు బాగుచేసే ఆ విదేశీ ప్రోగ్రాం మీద మా గల్లీ ఆడవాళ్ళకు ఉన్నన్ని అభిప్రాయాలు, దాన్ని తీసినవాళ్ళకు కూడా ఉండి ఉండవు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మాట ఇది. నిజామాబాద్‌లో మా ఇంటికి అప్పుడే కలర్ టీవీ, కేబులు వచ్చాయి. మధ్యాహ్నం అన్నాలు కాగానే ఇరుగుపొరుగు ఆడవాళ్ళు చాటలు, తడిగుడ్డలో చుట్టిన తునికాకు పట్టుకుని మా ముందుగదిలో చేరేవారు. బీడీలు చుట్టే చేతులకు కళ్ళతో పనిలేదు. చేతులు చాటలో ఉండేవి, కళ్ళు టీవీలో ఉండేవి, నోరు ఎవరి మీద పడితే వాళ్ళ మీద ఉండేది.

ఆ ప్రోగ్రాంలో మెకానిక్కులు తుప్పుపట్టిన కారునొకదాన్ని ఎక్కడినుంచో లాక్కొచ్చి, పోటీపడి బాగుచేసి, రంగులు వేసి, చివర్లో యజమాని చేతిలో తాళంచెవి పెడతారు. చుట్టూ నిలబడ్డవాళ్ళు చప్పట్లు కొడతారు. మాటలు హిందీలోకి మార్చి వేసేవారు. మా ఊళ్ళో పుట్టినవాళ్ళకు హిందీ ఒకరు విడమర్చి చెప్పాల్సిన పనిలేదు. పైగా మాది బండ్లు బాగుచేసే మిస్త్రీ ఇల్లు. బోధన్ రోడ్డు మీద మా బాపు, అంటే నాన్న, నడిపే షెడ్డు నేను పుట్టకముందు నుంచే ఉంది.

మా ఎదురింటి అక్క గల్లీ మొత్తానికి పెద్ద విమర్శకురాలు. ఆమె నోటికి జడిసి కూరగాయలవాడు తూకం సరిగ్గా వేసేవాడు. “అన్నీ కొత్త సామాన్లే పెట్టవట్టె. ఇండ్ల మిస్త్రీ పనేమున్నది, బిగించుడే గదా,” అనేది. “చేతులకు గా తొడుగులేందే, పెండ్లికొడుకు లెక్క,” అనేది. కారు చూసుకుని యజమానురాలు ఆనందంతో కళ్ళు తుడుచుకుంటుంటే నావైపు తిరిగి, “మీ బాపు బిల్లు జెప్పినప్పుడు గూడ జనం గిట్లనే ఏడుస్తరు గదనే,” అనేది. నాకు ఒళ్ళు మండేది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని అందరికీ తెలుసు, అందుకే నన్ను కెలికేవారు.

మా అమ్మను నేను అవ్వ అనే పిలిచేదాన్ని. అవ్వ మాత్రం ప్రోగ్రాం నడిచినంతసేపూ నోరు విప్పేది కాదు. తాళంచెవి చేతులు మారినప్పుడు ఒక్కసారి తలెత్తి, “ఇంటోళ్లను ఎక్కియ్యలే,” అనేది.

“ఏందవ్వా?”

“తాళం అయితే ఇచ్చిండు గని, పెండ్లాం పిల్లల్ని ఎక్కించి తిప్పిండా ముందుగాల? తిప్పలే. నేనైతే గా బండి ఎక్క.”

అందరూ నవ్వేవారు కానీ అవ్వ మాట వట్టిది కాదు. బాపు పద్ధతి అది. బ్రేకు పని చేసిన ఏ బండినీ మమ్మల్ని ఎక్కించి తిప్పకుండా యజమానికి ఇచ్చేవాడు కాదు. అంబాసిడర్ కానీ, జీపు కానీ, చెరకు సీజన్లో బోధన్ ఫ్యాక్టరీకి లోడు తోలే ట్రాక్టరు కానీ, పని కాగానే ఇంటిముందుకు వచ్చి హారన్ కొట్టేవాడు. అవ్వ పొయ్యి మీద ఉన్నదాన్ని దించి, కొంగు సవరించుకుని వచ్చి కూర్చునేది. నేను పక్కన ఎక్కేదాన్ని. ఇందల్వాయి ఘాటు దాకా పోయి దిగుడులో బ్రేకు వేసి చూపించి, తిరిగొచ్చాక బండి ఇచ్చేవాడు. “నా ఇంటోళ్లు కూసుండని బండ్ల మీ ఇంటోళ్లను ఎట్ల కూసుండవెడ్త?” అని గిరాకీలతో అనేవాడు. మా ఊళ్ళో ఏ కలెక్టరు పిల్లలూ ఎక్కనన్ని బండ్లు నేను ఎక్కాను, ఆ గొప్ప నాకు ఇప్పటికీ ఉంది.

బ్రేకు పనిలో నాకూ చెయ్యి ఉండేది, నిజానికి కాలు. బ్రేకు ఆయిల్లో గాలి ఉంటే బ్రేకు మెత్తగా పోతుంది, పట్టదు. ఆ గాలి తీయాలంటే ఒకరు సీట్లో కూర్చుని పెడలు తొక్కాలి, ఒకరు చక్రం దగ్గర నట్టు విప్పి గాలి వదలాలి. బాపు కింద పడుకుని, “కొట్టు, కొట్టు, కొట్టు… పట్టు,” అనేవాడు. కొట్టమంటే తొక్కడం, పట్టమంటే తొక్కి అలాగే ఉంచడం. పాదం కింద పెడలు మెత్తదనం పోయి రాయిలా గట్టిపడే క్షణం ఒకటుంటుంది. అది వచ్చినప్పుడు బాపుకన్నా ముందు నాకే తెలిసేది. “వచ్చింది బాపూ,” అనేదాన్ని.

ఆ పద్ధతి ఒకే ఒక్కసారి తప్పింది. ఎడపల్లి అవతల, కాలువ కింద ఒక క్యాంపు ఉంది. కోస్తా నుంచి వచ్చి భూములు కొనుక్కున్న రైతులు ఉండే ఊళ్ళను మావైపు క్యాంపులనే అంటారు. అక్కడి రైతు ఒకాయన అంబాసిడర్‌కు బాపు బ్రేకులు చేశాడు. ఆయన వర్నిలో పెళ్ళికి పోవాలి. షెడ్డు ముందు గడియారం చూసుకుంటూ నిలబడ్డాడు, భార్య అప్పటికే కార్లో కూర్చుని ఉంది.

బాపు, “జర ఆగుండ్రి, మా ఇంటోళ్లను ఎక్కించి ఒక్క సుట్టు తిప్పి తెస్త,” అన్నాడు.

“ముహూర్తం దాటిపోతోందండీ మేస్త్రిగారూ, మీ మీద మాకు నమ్మకమేనండి,” అని రైతు చెయ్యి చాచాడు. పెళ్ళికి పోయేవాళ్ళను ఆపడం ఎందుకని బాపు మొహమాటపడి తాళంచెవి ఇచ్చేశాడు.

ఎడపల్లి దగ్గర కాలువ మలుపులో ఆ కారు రోడ్డు దిగి పొలంలోకి దూకింది. ప్రాణాలు పోలేదు కానీ రైతు భార్య కుడిచెయ్యి మోచేతి దగ్గర విరిగింది. బ్రేకు పట్టలేదని రైతు చెప్పాడు. కబురు తెలియగానే బాపు దవాఖానకు పరుగెత్తాడు. అక్కడ అందరూ వింటుండగా, “ఇంటోళ్లను ఎక్కియ్యకుండ ఇచ్చిన, తప్పు నాదే,” అన్నాడు. ఆ మాట చాలు కదా జనానికి. మిస్త్రీయే ఒప్పుకున్నాడన్నారు. బ్రేకు నిజంగా పోయిందా, ఆయన వేయడమే ఆలస్యమైందా అని అడిగినవాడు లేడు. నేనడిగితే బాపు, “ఎక్కిస్తె తెలుస్తుండె. ఎక్కియ్యలే, తెల్వదు,” అన్నాడు.

ఆ తర్వాత షెడ్డుకు బండ్లు రాకపోలేదు, వచ్చాయి. అదే మరీ బాధ. “మిస్త్రీ, ఇంజను సూడు. బ్రేకు పని గేటుకాడ చేపిచ్చుకుంట,” అనేవారు. రైల్వేగేటు దగ్గర ఇంకో షెడ్డు ఉండేది. బాపు సరేననేవాడు. బ్రేకు ఆయిల్ డబ్బా షెల్ఫులో దుమ్ము పట్టింది. సాయంత్రం ఇంటిముందు హారన్ మోగడం ఆగిపోయింది. నాకు ఆ రైతు మీద ఎంత కసి ఉండేదంటే, ఆయన ఎదురుపడితే అనాల్సిన మాటలన్నీ వరసపెట్టి సిద్ధం చేసుకుని ఉన్నాను. బీడీలు చుడుతూ వాటికి పదును పెట్టుకునేదాన్ని.

అలాంటి రోజుల్లో మా కేబులాయనకు ఒక ఆలోచన వచ్చింది. విదేశీ కార్ల ప్రోగ్రాం మీద ఊరంతా వాదులాడుకుంటోంది కనుక అలాంటిది మన ఊళ్ళోనే తీద్దామని. పాత సామాన్ల సేటు దగ్గర మూలపడ్డ రెండు అంబాసిడర్లు తెచ్చాడు. ఒకటి రైల్వేగేటు షెడ్డుకు, ఒకటి మాకు. ప్రతి ఆదివారం పని చూపిస్తారు, ఆఖరి ఆదివారం చూసేవాళ్ళు ఫోన్లు చేసి అభిప్రాయం చెప్తారు, ఎవరికి ఎక్కువ ఫోన్లు వస్తే వాళ్ళు గెలిచినట్టు.

బాపు వద్దన్నాడు. “నాకు ఈ టీవీలు గీవీలు ఎందుకు?” అన్నాడు.

అవ్వ చాట పక్కన పెట్టింది. అవ్వ చాట పక్కన పెట్టిందంటే మాట పెద్దదని అర్థం. “నువ్వు తప్పు నాదే అన్నది ఊరంత ఇన్నది. ఇప్పుడు నువ్వు బ్రేకు చేసేది ఊరంత సూడనియ్యి. నీ బ్రేకు మీద మల్ల ఎవలన్న కూసుంటరో కూసుండరో తేలిపోనియ్యి,” అంది.

బాపు “సరె,” అన్నాడు.

తీసినవాడు పెళ్ళి వీడియోలు తీసే కెమెరామన్. వాడికి వచ్చింది పెళ్ళిళ్ళు తీయడమే. మొదటి ఆదివారం చూద్దుము కదా, బాపు మసిచేతులతో కార్బురేటర్ విప్పుతుంటే చుట్టూ గులాబీ పూలు రాలుతున్నాయి, వెనక సన్నాయి మోగుతోంది. బాపు మొహం గుండె ఆకారంలోంచి బయటికొచ్చింది. గదిలో ఆడవాళ్ళు నవ్వీ నవ్వీ బీడీలు వదులుగా చుట్టారు. “అక్షింతలు వెయ్యిండ్రే ఎవలన్న,” అంది ఎదురింటి అక్క. అవ్వ సిగ్గుపడి వంటింట్లోకి పోయింది.

ఊళ్ళో మాత్రం అభిప్రాయాలు జోరుగా సాగాయి. కేబులు బిల్లు వసూలుకు వచ్చే అన్న గడపగడపకూ వాటిని మోసుకొచ్చేవాడు. గేటు షెడ్డువాళ్ళు కారుకు ఎర్రరంగు కొట్టారట, వెనక అద్దానికి లైట్లు పెట్టారట, పాటల డబ్బా సీట్ల కింద బిగించారట. మరి మా కారు? “మీ బాపు నాలుగు చక్రాలు ఊడదీసి ముందట వెట్టుకొని కూసున్నడు. సూసెటోళ్లకు నిద్రొస్తున్నదంటున్నరు,” అన్నాడు. ఇంకొకరెవరో, “బ్రేకులు ఒకసారి బోర్ల కొట్టినయి గదా, అందుకే గంత సేపు తిప్పలవడుతుండు,” అన్నారట. అది విన్నాక నేను అన్నం ముందు నుంచి లేచిపోయాను.

మరుసటి వారం షూటింగులో బ్రేకు గాలి తీసేటప్పుడు బాపు నన్ను పిలిపించాడు. నేను సీట్లో కూర్చున్నాను. ఎన్నాళ్ళకో విన్నాను ఆ గొంతు, కింద నుంచి, “కొట్టు, కొట్టు… పట్టు,” అని. కెమెరా నా పాదం మీద పెట్టాడు. పెడలు మెత్తగా, మెత్తగా, ఆ తర్వాత గట్టిగా తగిలింది. “వచ్చింది బాపూ,” అన్నాను. అదే టీవీలో వచ్చింది. ఆ ఒక్క ముక్కకు పూలూ సన్నాయీ పెట్టడం కెమెరామన్ మరిచిపోయాడు, దేవుడి దయ.

ఆఖరి ఆదివారం సాయంత్రం రెండు కార్లూ కేబులు ఆఫీసు ముందు నిలబెట్టాలి. ఎర్రకారు పాటలు వేసుకుంటూ సమయానికి వచ్చింది. మా కారు రాలేదు. టీవీలో మా ఖాళీ జాగాను చూపిస్తూ ఉన్నారట. “పారిపోయిండు మిస్త్రీ,” అని ఒక ఫోను. “బ్రేకులు పట్టలేదేమో, ఎక్కడో పొలంల చూడుండ్రి,” అని ఇంకో ఫోను. ఇవన్నీ మాకు తర్వాత తెలిశాయి. ఆ సమయానికి మేము ఇందల్వాయి ఘాటు దిగుతున్నాం. ముందు సీట్లో అవ్వ, వెనక నేను, నా పక్కన ఎదురింటి అక్క. “ఎక్కకుంట నా అభిప్రాయం ఎట్ల జెప్పాలె?” అని చాటతో సహా ఎక్కింది. దిగుడులో బాపు బ్రేకు వేశాడు. కారు ఒక పక్కకు లాగకుండా, కుదుపు లేకుండా ఆగింది. అక్క ఒళ్ళో చాటలోంచి ఒక్క బీడీ కూడా కింద పడలేదు. ఆమె చాట సర్దుకుని మళ్ళీ చుట్టడం మొదలుపెట్టింది.

మేము ఆఫీసు ముందు దిగేసరికి కేబులాయన చెమటలు కక్కుతున్నాడు. “లైవు నడుస్తున్నది, ఎటువోయినవ్ మిస్త్రీ?” అని మైకు బాపు ముందు పెట్టాడు.

“ఇంటోళ్లను ఎక్కిచ్చి తిప్పాలె గదా,” అన్నాడు బాపు. టీవీలో ఆయన మాట్లాడింది అంతే.

ఎర్రకారే గెలిచింది. ఫోన్లు చాలా తేడాతో వచ్చాయి. గేటు షెడ్డు మిస్త్రీ వచ్చి బాపును కౌగలించుకున్నాడు, మంచివాడే. దండ వేయబోతుంటే ఆఫీసులో ఫోను మళ్ళీ మోగింది. పోటీ అయిపోయిందని చెప్పబోయి, కేబులాయన పొరపాటున దాన్ని మైకుకే కలిపేశాడు. ఒక ఆడగొంతు, కోస్తా యాస.

“రంగుల గురించి నాకు తెలీదండి. ఎడపల్లి అవతల క్యాంపు నుంచి మాట్లాడుతున్నానండి. ఆ మేస్త్రిగారు చేసిన కార్లో చెయ్యి విరిగింది నాకే.”

వీధిలో పాటల డబ్బా ఎవరో ఆపేశారు. బాపు చూపు నేల మీదే ఉంది.

“ఆ రోజు తన ఇంట్లోవాళ్ళని ఎక్కించి తిప్పి ఇస్తానన్నారండి ఆయన. మేమే ఆగలేదు. బ్రేకు పోయిందో, వెయ్యడం ఆలస్యమైందో నాకు తెలీదండి, భయమేసి నేను కళ్ళు మూసేసుకున్నాను. ఈ మాట ముందే చెప్పాల్సింది. పోయిన వారం టీవీలో ఆ అమ్మాయి ‘వచ్చింది బాపూ’ అంది చూడండి, అప్పుడనిపించింది. ఆయన రేపు కారు తీసుకొస్తే నేను ఎక్కుతానండి. అదే మలుపు దగ్గరికి. ఇదండీ నా అభిప్రాయం.”

వెనకాల మగగొంతు ఏదో అంటుండగా ఫోను తెగిపోయింది. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేనైతే బాహాటంగానే ఏడ్చాను.

మర్నాడు పొద్దున కేబులాయన కెమెరాతో తయారయ్యాడు. “కెమెరా వద్దు, ఆమె సినిమా కోసం ఎక్కుతలేదు,” అన్నాడు బాపు. అవ్వకు ఒంట్లో నలతగా ఉండి రాలేదు. బాపు, నేను ఆ పోటీ అంబాసిడర్‌లోనే పోయాం. చెరకు బండ్ల మధ్య నుంచి నిదానంగా ఎడపల్లి దాటి క్యాంపు చేరాం. ఆమె వాకిట్లోనే నిలబడి ఉంది. కుడిచెయ్యి పూర్తిగా చాపుకు రావడం లేదు, మోచేతి దగ్గర వంపుగానే ఉంది. రైతు అరుగు మీద స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. నా మాటలన్నీ నాలుక చివర సిద్ధంగా ఉన్నాయి. ఆయన మాత్రం నావైపు చూడలేదు.

బాపు ముందు తలుపు తీశాడు. ఆమె ఎక్కలేదు. “ముందు మీ అమ్మాయిని ఎక్కించండి మేస్త్రిగారూ, మీ పద్ధతి ప్రకారం,” అంది. నేను వెనక ఎక్కి కూర్చున్నాక ఆమె ముందు కూర్చుంది.

కాలువ మలుపు కనిపించింది. బాపు వేగం తగ్గించలేదు. ఆమె ఎడమచెయ్యి సీటు అంచును పట్టుకుంది, కళ్ళు మాత్రం తెరిచే ఉంచింది. బాపు బ్రేకు తొక్కాడు. వెనక సీట్లో నా పాదం కూడా నేలకు నొక్కుకుంది. కారు మలుపుకు ఇవతలే, రోడ్డు మీదే, నిలబడిపోయింది. ఇంజను చప్పుడు, కాలువలో నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు.

ఆమె కాసేపు అద్దంలోంచి ఆ పొలంవైపు చూసింది. తర్వాత, “వెనక్కి తిప్పండి మేస్త్రిగారూ. మావారిని కూడా ఎక్కించుకుందాం,” అంది.

వాకిట్లో ఆమె దిగలేదు. అద్దం దించి, “రండి, ఎక్కండి,” అంది అంతే. ఆయన చెప్పులు వేసుకుని వచ్చి వెనక తలుపు తీశాడు. నేను అన్నాళ్ళుగా పదును పెట్టుకున్న మాటల్లో ఒక్కటీ బయటికి రాలేదు. పక్కకు జరిగి ఆయనకు చోటిచ్చాను. మళ్ళీ అదే మలుపు, మళ్ళీ అదే బ్రేకు, మళ్ళీ కారు రోడ్డు మీదే ఆగింది.

ఆయన గొంతు సవరించుకున్నాడు. “మేస్త్రిగారూ, మా ట్రాక్టరు బ్రేకు పట్టట్లేదండి. చెరకు తోలాలి. మీరు చూడాలండి,” అన్నాడు.

బాపు స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టి కూర్చున్నాడు. అద్దంలో ఆయన కళ్ళు నాకు కనిపించాయి, నిండి ఉన్నాయి.

“చేస్త. గని ఈసారి తొందర వెట్టద్దు,” అన్నాడు. “మా ఇంటోళ్లను ఎక్కిచ్చి తిప్పినంకనే ఇస్త.”

“అలాగేనండి,” అన్నాడు ఆయన.

ఆ వారమే ఒక సాయంత్రం మా ఇంటిముందు ట్రాక్టరు హారన్ మోగింది. అవ్వ పొయ్యి మీది కూర దించి, కొంగు సవరించుకుని బయటికి నడిచింది.